పర్సోం నాటి కోవా

మా చిన్నమ్మాయి స్కూలు వాళ్ళు తల్లుల గ్రూపులో ఒక సందేశం పెట్టారు. పిల్లల క్లబ్బు ఏదో మంచి పని కోసం తినుబండారాల అమ్మకం పెడుతోందట. దగ్గరుండి నడిపించడానికి ఒక తల్లి ముందుకు రావాలట. అరగంటలో పదిమంది చప్పట్ల బొమ్మలు పెట్టారు గానీ ఒక్కరూ పేరివ్వలేదు. మా అమ్మాయి నా భుజం మీద గడ్డం ఆనించి, "నువ్వు ఇవ్వొచ్చుగా మమ్మీ, నీకు అన్నీ వచ్చుగా" అంది. నేను ఫోను బోర్లా పెట్టి, వెళ్ళి చదువుకోమని కసిరాను. పాపం, అదేమంది? ఏమీ అనలేదు. కసురుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన గుణమే, కాని ఆ పూట కసిరింది మాత్రం భయం వల్ల.

నాకు పదకొండేళ్ళప్పుడు మేం హైదరాబాదు పాతబస్తీలో యాకుత్‌పురా స్టేషన్ వెనక సందులో ఉండేవాళ్ళం. నాన్న రైల్వేలో గుమస్తా. సముద్రం పక్క ఊరి నుంచి బదిలీ మీద వచ్చి అక్కడే ఉండిపోయారు. పొద్దున్నే బొగ్గుల కుంపట్ల పొగ, పక్కింటి వాళ్ళు తందూరు నుంచి తెచ్చుకునే రొట్టెల వాసన, వాన పడితే మోరీల మురుగు కంపు, శుక్రవారం మధ్యాహ్నం సందంతా అత్తరు వాసన. రైలు వెళ్ళినప్పుడల్లా మా వంటింటి గూట్లో గిన్నెలు గలగలమనేవి. అమ్మ మొదట్లో భూకంపమని బయటికి పరుగెత్తిందట. తర్వాత తర్వాత రైలు ఆలస్యమైతేనే ఆవిడకు తోచేది కాదు.

అమ్మకు ఆ సందు పదకొండేళ్ళయినా పూర్తిగా అలవాటు కాలేదు. ఆవిడ "ఏవండీ, కాస్త జరుగుతారా" అంటే కూరగాయల బండి దగ్గర ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు. "ఆంధ్రామె" అనేవాళ్ళు, ఎదురుగానే. అందులో ద్వేషమేం లేదు, పొడుగామె, పొట్టామె అన్నట్టే. కాని అమ్మకు అది గుచ్చుకునేది. ఉర్దూ అసలే నోరు తిరిగేది కాదు. బజారుకు వెళితే నన్ను వెంట తీసుకుపోయేది. నేను సందులో పుట్టి పెరిగినదాన్ని, నాకు ఇంట్లో ఒక తెలుగు, వీధిలో ఒక తెలుగు, దుకాణాల్లో దక్కనీ ఉర్దూ. అమ్మకూ దుకాణదారుకూ మధ్య నిలబడి ఇటు మాట అటూ అటు మాట ఇటూ చేరవేస్తుంటే నాకు ఎక్కడలేని గర్వం. ఒక్కోసారి మాటలు నాకు కావలసినట్టు మార్చేదాన్ని కూడా. "జామకాయలు చాలా బాగున్నాయంట, తీసుకోమంటున్నాడమ్మా" అని అతను అననిది చెప్పేదాన్ని. అమ్మ కొనేది. అదొక ఆట నాకు.

ఆ దక్కనీ నాకు నేర్పింది గ్యాంగ్‌మన్ గారి పెద్దమ్మాయి. నాకంటే మూడేళ్ళు పెద్దది. వాళ్ళ నాన్న పట్టాల మీద పని చేసేవాడు, అమ్మ ఆస్పత్రిలో ఆయా. మాదీ వాళ్ళదీ ఒకటే చర్చి. ఆ పిల్ల సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో నములుతూ ఉండేది. ఏమీ లేకపోతే జడ కొస నమిలేది. "ఏయ్ పొల్లా, గట్ల అంటే నవ్వుతరు. వద్దంటే నక్కో అనాలె, నహీ అనొద్దు" అని నాకు పాఠాలు చెప్పేది. పర్సోం అనే మాట సంగతీ అదే చెప్పింది. పుస్తకంలో దానికి మొన్న అని అర్థం. మా సందులో అది గడిచిపోయిన ఏ రోజైనా కావచ్చు. నాలుగేళ్ళ కిందట దుబాయి నుంచి వచ్చినతను కూడా పర్సోమే వచ్చినట్టు. "మీ తాత ఎప్పుడు సచ్చిపోయిండే?" అని నేను అడిగితే, "పర్సోం" అని కళ్ళు తిప్పేది, ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం. వాళ్ళ తాత అది పుట్టకముందే పోయాడు.

చర్చిలో యౌవనస్థుల కూడిక ఉండేది. అందరూ యూత్ అనేవాళ్ళు. దాన్ని నడిపేది పుస్తకాలు బైండింగ్ చేసే ఒక అన్న, చేతులకెప్పుడూ జిగురు అంటుకుని ఉండేది. యూత్‌లో పాతికమంది ఉంటే అందులో సముద్రం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. అమ్మే వాళ్ళకు ఆ పిచ్చి ఎక్కించింది. ఆదివారం కూడిక అయ్యాక మెట్ల మీద కూర్చుని, అల వెనక్కి వెళ్ళేటప్పుడు కాళ్ళ కింద ఇసుక ఎలా జారిపోతుందో చెప్పేది. గ్యాంగ్‌మన్ గారి అమ్మాయి నోరు తెరుచుకుని వినేది. "కాళ్ళ కింద నేల జరుగుతదా ఆంటీ? పడిపోమా?" "పడిపోవే పిచ్చిదానా, గిలిగింతలు పెట్టినట్టు ఉంటుంది. నేను చూపిస్తాగా నీకు." అలా మాటల్లో అందరినీ సముద్రానికి తీసుకువెళ్ళాలని తేలింది. బస్సు ఖర్చుకు చర్చి ఆవరణలో సేల్ పెట్టాలన్నారు. సేల్ ఎవరు చూసుకోవాలంటే, జిగురు చేతుల అన్న అమ్మ దగ్గరికి వచ్చి, "ఆంటీ, గీసారి మొత్తం మీరే చూస్కోవాలె. పెద్దోళ్ళు ఒక్కలన్న ఉండాలె గద" అన్నాడు.

అమ్మ ఆ రోజు ఇంటికి నడిచిన నడక నాకిప్పటికీ గుర్తుంది. చెప్పులు నేలకు ఆనాయో లేదో. పదకొండేళ్ళలో ఆ చర్చిలో ఆవిడకు ఒకళ్ళు ఒక పని అప్పజెప్పడం అదే మొదలు.

పనిలో దిగితే అమ్మ మిలిటరీ మనిషి. మిర్చి బజ్జీలు ఎవరు, శనగ గుడాలు ఎవరు, లక్కీ డిప్ డబ్బా దగ్గర ఎవరు, చేతులు కడుక్కోవడానికి నీళ్ళ బిందె ఎక్కడ, అంతా కాగితం మీద రాసి గోడకు అంటించింది. తను కజ్జికాయలు చేస్తానంది. కొబ్బరీ బెల్లమూ పెట్టి, మా ఊరి పద్ధతిలో. అక్కడే పేచీ వచ్చింది. అన్న తల గోక్కుంటూ, "ఆంటీ, ఏమనుకోకుండ్రి. కొబ్బరియి గిక్కడ ఎవ్వరు తినరు. ఖోవాయి చేయుండ్రి, మస్తు పోతయ్" అన్నాడు. వేరే రోజైతే అమ్మ ఒప్పుకునేది కాదు. ఆ రోజు నవ్వి, "అలాగే బాబూ, కోవావే చేద్దాం" అంది. ఇక్కడివాళ్ళకు నచ్చేట్టు చెయ్యాలి, ఇక్కడి మనిషిననిపించుకోవాలి. అంత ఆశ పడింది పాపం.

సేల్ ఆదివారం. శనివారం మధ్యాహ్నం అమ్మా నేనూ రిక్షాలో చార్మినార్ బజారుకు వెళ్ళాం. ఎండ మాడ్చేస్తోంది. కోవా కొన్నాక గాజులు కొనిపెడతానని అమ్మ మాట ఇచ్చింది. మెరుపులు అద్దిన ఆకుపచ్చ గాజులు, ఒక డజను. దారంతా నా కళ్ళ ముందు అవే. కోవా దుకాణం ఒక సన్నటి సందులో ఉండేది, లోపల చీకటిగా, చల్లగా, పాలు మాడిన తియ్యటి వాసనతో. తెల్లగడ్డం ముసలాయన తడిగుడ్డ తీసి కోవా ముద్ద చూపించాడు. అమ్మ ఇంత చిదిమి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒక్క క్షణం అలాగే ఉండి, "ఎప్పటిదో అడగవే" అంది.

అడిగాను. ముసలాయన అమ్మ వంక కాదు, నా వంక చూసి నిదానంగా చెప్పాడు. "యే పర్సోం కా హై, బేటా. తాజా మాల్ షామ్ కు ఆతా. అమ్మా కు షామ్ కు ఆవ్ బోలో."

ఇది పర్సోం నాటిది, కొత్త సరుకు సాయంత్రం వస్తుంది, అమ్మను సాయంత్రం రమ్మను. అంతే. ఇంత చిన్న మాట. ఇంత మంచి మాట.

నేను అమ్మకేసి తిరిగి, "మొన్నటిదంటమ్మా" అన్నాను.

అబద్ధం కాదు. మాటకు మాట సరిగ్గానే చెప్పాను. మా సందులో ఆ మాటకు ఎంత సాగదీసే గుణం ఉందో నాకు తెలుసు. మిగతా సగం మింగేశాను. సాయంత్రం మళ్ళీ రావాలంటే ఇప్పుడు కొనేదేమీ ఉండదు, గాజుల సంగతి వెనక్కి పోతుంది, సాయంత్రానికి నాన్న వస్తారు, దండగ ఖర్చంటారు, ఇక అయినట్టే. ఇదంతా నా బుర్రలో రెప్పపాటులో తిరిగింది. అమ్మ నా ముఖం చూసింది, ముసలాయన ముఖం చూసింది, "సరే, తూచమను" అంది. ఆయన భుజాలు ఎగరేసి తూచాడు. ఆ తర్వాత గాజుల దుకాణానికి వెళ్ళాం.

ఇంటికొచ్చాక ఆ సాయంత్రమంతా మా ఇంట్లో నలుగురు అమ్మాయిలు కూర్చుని కజ్జికాయలు ఒత్తారు. పంపు స్టవ్ హోరు, కాగిన నూనె, ఏలకులు. అమ్మ ఏలకుల పొడి దండిగా వేసింది. ఇంకో అలవాటు ఉంది ఆవిడకు. పదిమందికి పెట్టేది ముందు మనం నోట పెట్టుకోకూడదు, ఎంగిలి. చర్చికి వెళ్ళినా బైబిలు చదివినా ఆ ఎంగిలి పట్టింపు మాత్రం అమ్మను వదలలేదు. అందుకని కోవా ఎలా ఉందో ఎవరూ రుచి చూడలేదు. విరిగిన కజ్జికాయలు మాత్రం చేసినవాళ్ళు తినొచ్చు. నేను డబ్బాలోంచి గుప్పెడు కిస్‌మిస్‌లు కాజేస్తూ దొరికిపోయాను. "దీనికి ఒక్కటి కూడా పెట్టొద్దు" అని అమ్మ హుకుం వేసింది. నేను మూతి ముడుచుకుని గుమ్మంలో కూర్చుంటే గ్యాంగ్‌మన్ గారి అమ్మాయి విరిగినవున్న చాటంతా దగ్గర పెట్టుకుని, నన్ను ఉడికిస్తూ, "నీ వంతు గూడ నేనే తింటున్న సూడు" అంది. ఐదు తిందో ఆరు తిందో. తిని, నా గాజులు అడిగి తీసుకుని తన చేతికి ఎక్కించుకుని చూసుకుంది. ఆ చేతులకు వదులయ్యాయి. రెండు నెలల కిందటే కామెర్లు వచ్చి తగ్గింది, మనిషి పుల్లలా ఉండేది.

ఆదివారం షామియానా కింద కజ్జికాయలు గంటలో అయిపోయాయి. అందరూ అమ్మను పేరు పెట్టి పిలిచి మెచ్చుకున్నారు. ఆంధ్రామె అనలేదు ఎవరూ. గ్యాంగ్‌మన్ గారి అమ్మాయి మాత్రం రాలేదు. కడుపులో బాగా లేదని వాళ్ళ తమ్ముడు వచ్చి చెప్పాడు. "నిన్న అన్ని తింటే బాగుంటుందా" అని అమ్మ నవ్వింది. ఆ నవ్వు తలుచుకుని తర్వాత ఆవిడ ఎంత ఏడ్చిందో.

చీకటి పడేలోపు సందులో ఒక్కొక్క ఇంట్లోనూ వాంతులు మొదలయ్యాయి. జిగురు చేతుల అన్న, వాళ్ళ చెల్లెలు, పాటలు పాడే ఇద్దరు అక్కలు, మా నాన్న. ఒక్కొక్కటి తిన్నవాళ్ళు రెండు రోజులు పడుకుని లేచారు. ఆ పిల్లను సోమవారం పొద్దున సర్కారు దవాఖానకు తీసుకెళ్ళారు. అమ్మ అక్కడే ఉండిపోయింది. నేను ఇంట్లో నాన్నకు ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పోస్తూ, గాజులు చప్పుడు కాకుండా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మంగళవారం పొద్దున్నే వాళ్ళ తమ్ముడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. నన్ను చూసి గుమ్మంలో కూలబడి గట్టిగా ఏడ్చాడు. సముద్రం చూడ్డానికని కూడబెట్టింది సమాధుల తోటలో ఖర్చయింది. ఆ గాజులు తర్వాత ఏమయ్యాయో నాకు గుర్తులేదు. గుర్తుండాలి కదా. గుర్తులేదు.

నాన్నా జిగురు చేతుల అన్నా కలిసి కోవా దుకాణానికి వెళ్ళి లొల్లి చేస్తామన్నారు. అమ్మ అడ్డం నిలబడింది. "ఆయన మోసం చెయ్యలేదు. ఎప్పటిదో చెప్పాడు. నాకు భాష తెలియలేదు" అంది. మరుసటి ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పుకునేటప్పుడు లేచి అందరి ముందూ అదే చెప్పింది. పర్సోం అంటే మొన్న అనుకున్నాననీ, ఇక్కడ ఆ మాటకు వేరే అర్థం ఉందని తెలియదనీ, తన వల్ల ఒక బిడ్డ పోయిందనీ. నా పేరు ఎత్తలేదు. వెనక బల్ల నుంచి ఆ పిల్ల తల్లి లేచింది. తెల్లచీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అక్కకు ఉర్దూ రాదు. ఆమె తప్పేం లేదు" అని కూర్చుంది. అంతా తలలు వంచుకున్నారు. ఆమె చూపు మాత్రం నా మీదే ఉంది. తెలిసిపోయిందనుకున్నాను.

మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు, అది చెప్పుకోవాలి. ఎదురైతే వందనాలు చెప్పేవాళ్ళు. కాని ఆ క్రిస్మస్‌కు అమ్మ ఎప్పటిలాగే పిండివంటలు పళ్ళేల్లో సర్ది, పైన గుడ్డ కప్పి ఇంటింటికీ పంపింది. పళ్ళేలు కడిగి, ఖాళీగా ఇవ్వకూడదని గుప్పెడు చక్కెర పోసి తిరిగి పంపారు. మర్యాద తప్పలేదు. సాయంత్రం నేను పాల కోసం వెళుతుంటే సందు చివర చెత్తకుప్ప మీద మా అరిసెలు, మా జంతికలు కనబడ్డాయి. మేక ఒకటి తింటోంది. ఇంటికొచ్చి చెప్పకూడదనే అనుకున్నాను. అమ్మ అప్పటికే చూసి వచ్చింది. ఆ చక్కెరంతా ఒక డబ్బాలో పోసి మూత పెట్టి, పళ్ళేలు అటక మీదికి ఎక్కించింది. ఆ తర్వాత మా గుమ్మం దాటి ఒక్క మెతుకు ఎవరింటికీ వెళ్ళలేదు. యూత్ వాళ్ళు సముద్రం ఊసు మళ్ళీ ఎత్తలేదు. అమ్మ కూడా తన పుట్టింటి ఊరి గురించి మాట్లాడ్డం మానేసింది.

ఇప్పుడా సందులో మేమున్న ఇల్లు లేదు. మూడంతస్తులు లేచాయి. పర్సోం మాట మీద ఫోన్లలో జోకులు వస్తుంటాయి. హైదరాబాదీలు ఇంతేనంటూ అందరూ నవ్వుతారు. నేనూ నవ్వే బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటాను.

ఆ పిల్ల తల్లి పోయిన వేసవిలో చనిపోయింది. చాంద్రాయణగుట్ట దగ్గర మా ఇంటికి జిగురు చేతుల అన్న ఫోన్ చేసి చెప్పాడు, ఆయన ఇప్పుడు తాత. నేను లోపలికి వెళ్ళి, నా దగ్గరే ఉంటున్న అమ్మకు చెప్పాను. ఆవిడ కిటికీ దగ్గర చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చేతిలో కాయ పక్కన పెట్టింది. ఏడవలేదు. నాకెందుకో ఇక ఆగలేదు. ఇన్నేళ్ళూ మింగి దాచుకున్నది అక్కడే, నిలబడే కక్కేశాను. "అమ్మా, ఆ ముసలాయన సాయంత్రం రమ్మన్నాడే. కొత్త సరుకు వస్తుందన్నాడు. నేను చెప్పలేదు. గాజుల కోసం చెప్పలేదు."

అమ్మ ఒళ్ళో పడ్డ ఈనెలు దులుపుకుంది.

"నాకు వినపడింది" అంది.

"ఏం వినపడింది?" అన్నాను.

"అప్పటికి పదకొండేళ్ళున్నానే ఆ సందులో. మాట్లాడ్డం రాకపోతే మాత్రం, షామ్ అంటే సాయంత్రమని తెలియదా? వాసన కూడా తెలిసింది. మళ్ళీ ఆ ఎండలో రావడమంటే ఓపిక లేకపోయింది. అమ్మాయిలు ఇంటి దగ్గర ఎదురుచూస్తున్నారు. నువ్వు మొన్నటిదన్నావు. నాకు ఆ మాట చాలనిపించింది."

నాకు కోపం వచ్చింది. దుఃఖం తర్వాత వచ్చింది, ముందు వచ్చింది కోపమే. ఒకే వంటింట్లో, ఒకే పొయ్యి దగ్గర, ఇద్దరం ఇన్నేళ్ళు ఎవరి రాయి వాళ్ళు మోశాం. "మరి నాకెందుకు చెప్పలేదు? చర్చిలో భాష రాదని ఎందుకన్నావు?" అని అరిచాను.

"ఆవిడ చెప్పమంది."

"ఎవరు?"

"ఆ పిల్ల తల్లి. మట్టి చేసిన రోజే వాళ్ళింటికి వెళ్ళి కాళ్ళ మీద పడ్డాను. జరిగింది జరిగినట్టు చెప్పాను, నువ్వు సగమే చెప్పావనీ, నేను మొత్తం విన్నాననీ. నన్ను కొడుతుందనుకున్నాను. నన్ను పట్టి లేపింది. తర్వాత, ‘గీ మాట మనిద్దరి నడుమనే ఉండని అక్కా. బయటికి పోతే పొల్ల మీదికొస్తది. నా బిడ్డ ఎట్లాగు పోయింది, నీ బిడ్డన్న మంచిగ బతకాలె గద. నాకు ఉర్దూ రాదని చెప్పు. నేను గూడ గదే చెప్త’ అంది. నీకు కూడా చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది."

అమ్మ మళ్ళీ చిక్కుడుకాయ అందుకుంది. నేను గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను.

ఆవిడ నాకు ఎన్నిసార్లు ఎదురుపడిందో లెక్కలేదు. ఒకసారి స్టేషన్ మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని, "మంచిగ చదువుతున్నవా బిడ్డా?" అని అడిగింది. నేను చెయ్యి విడిపించుకుని పరుగెత్తాను. నా పెళ్ళికి వచ్చి చివరి వరసలో కూర్చుంటే, ఆమె ఉన్న వైపు నేను తల తిప్పలేదు. నా మొదటి కాన్పుకు ఆస్పత్రికి వచ్చిందని చెబితే, నిద్రపోతున్నానని చెప్పి పంపించేశాను. ప్రతిసారీ ఆమె నన్ను వెతికి వెతికి చూసేది. దోషిని చూస్తోందనుకున్నాను. ఆమె చూసింది నేను మంచిగ బతుకుతున్నానా లేదా అని. నేను బతుకుతున్నానని ఆమెకు ఒక్కసారి కూడా చెప్పలేదు.